బల్ల మీది రైలు, చప్పుడు లేని పట్టాలు

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మనం సాధారణంగా డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ప్రత్యేక సంచిక కోసం విశ్రాంత జీవితంలో వ్యాపకం అనే అంశం మీద తలా ఒక ప్రసంగం చేయాలని కార్యవర్గం వారు నిర్ణయించారు. ఒకరు గీతాపారాయణ గురించి చెప్పారు, ఒకరు మిద్దెతోట గురించి చెప్పారు, ఒకరు ఉదయపు నడక గురించి చెప్పారు. నా వంతు వచ్చేసరికి నేను రైలు బొమ్మల గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి గారు నా ముఖం వంక ఒకసారి చూసి, "సరే, కానివ్వండి" అన్నారు. వారికి నా ధన్యవాదాలు.

ఆ శాస్త్రమంతా నేను చెప్పబోవడం లేదు. అందులో ఒక్క విషయమే మనవి చేస్తాను. బల్ల మీద పట్టాలు పరిచి రైలు నడిపితే వచ్చే చప్పుడును ఎలా తగ్గించాలి? ఇంతే. ఇది చాలా చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. కానీ మన వయసులో, మనం ఉంటున్న అపార్ట్‌మెంట్లలో, ఒక వ్యాపకం నిలబడుతుందా లేక అటక ఎక్కుతుందా అన్నది చాలాసార్లు ఈ చప్పుడు మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ రైలు ఎలాంటిది

తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. తీర్థంలో పిల్లలకు కొనిపెట్టే తాళంచెవి రైలు వేరు, ఇది వేరు. ఇది అసలు రైలును కొలత ప్రకారం తగ్గించి చేసిన నమూనా. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలతకు హెచ్.ఓ. అని పేరు. అసలు బండి 87 అడుగులు ఉంటే నమూనా ఒక్క అడుగు ఉంటుంది. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. దాన్ని 87 పెట్టి భాగిస్తే 19 పైచిలుకు రావాలి. కాబట్టి మన దేశపు బండ్లను ఈ పట్టాల మీద నిలబెడితే గేజి కాస్త ఇరుకవుతుంది. ఆడిట్ వారు అభ్యంతరం పెట్టవచ్చు గానీ చూసే కంటికి ఇబ్బంది ఉండదు.

పట్టాల్లోకి 12 వోల్టుల కరెంటు వెళుతుంది. ఇంజనులో ఉన్న చిన్న మోటారు ఆ కరెంటుతో తిరుగుతుంది. షాకు కొట్టదు, మనవలు ముట్టుకున్నా భయం లేదు. పట్టాలు నికెల్ సిల్వర్ అనే లోహంతో చేస్తారు. అందులో రాగి, నికెల్, జింకు ఉంటాయి. పేరులో వెండి ఉంది గానీ లోపల వీసమెత్తు కూడా ఉండదు. పేరంటాల్లో ఇచ్చే కుంకుమ భరిణెలకు జర్మన్ సిల్వర్ అని మనం చెప్పే పేరు ఈ లోహానిదే.

నా సంగతి కొంత చెప్పాలి. నేను కడియం దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి. మద్రాసు–కలకత్తా లైను మా ఊరి పక్క నుంచే వెళుతుంది. చిన్నప్పుడు మాకు గడియారం అంటే మెయిలు బండే. 1973లో గుమాస్తాగా చేరి 2009లో రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైలు అంటే బదిలీ, సామాను, రిజర్వేషను. రైలును రైలుగా చూసే తీరిక రిటైరయ్యాకే వచ్చింది.

ఎందుకింత పట్టింపు

మన సంఘంలోనే ఒక మిత్రులున్నారు. పేరు చెప్పవద్దన్నారు. విదేశంలో ఉన్న వారి అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు పెద్ద రైలు సెట్టు తెచ్చి ఇచ్చాడు. వారు ప్లైవుడ్ బల్ల చేయించి, పట్టాలు మేకులతో బిగించి, పక్కన సన్న కంకర పరిచి, జిగురు పోసి ఎంతో ముచ్చటగా తయారు చేశారు. చూడడానికి చక్కగా ఉండేది. కానీ బండి కదిలితే ఇల్లంతా బోరుమనేది. కింది ఫ్లాటులో ఒక పెద్దావిడ మంచం పట్టి ఉన్నారు. వారి అబ్బాయి రెండుసార్లు పైకి వచ్చి, "అంకుల్, ఏమీ అనుకోకండి, తల మీద ఏదో దొర్లుతున్నట్టు ఉందని అమ్మ అంటోంది" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. అతను మూడోసారి రాకముందే మా మిత్రులు రైలును అట్టపెట్టెల్లో సర్ది అటక మీద పెట్టేశారు. కింది వారి తప్పు ఇందులో ఏమీ లేదు. అయినా ఆ పెట్టెలు సర్దిన రోజు మా మిత్రుని ముఖం నేను చూశాను.

మా ఇంట్లో పరిస్థితి ఇంకా చిక్కు. మా కోడలిది కంప్యూటరు ఉద్యోగం. అమెరికా వేళల ప్రకారం రాత్రి పని, పగలు నిద్ర. మా ఇంట్లో ఖాళీగా ఉన్న చిన్న గది ఆమె పడకగదికి ఆనుకునే ఉంది. అక్కడ బల్ల వేసుకోవచ్చా అని అడిగితే, "గది మీదే మామయ్యగారూ, వేసుకోండి. మధ్యాహ్నం దాకా నా నిద్ర చెడకుండా ఉంటే చాలు" అంది. అడిగింది చిన్న షరతు, న్యాయమైన షరతు. కానీ నాకు వ్యాపకానికి ఓపిక ఉండేది ఆ ఉదయం పూటే. ఆమె నిద్ర చెడితే ఉద్యోగానికి చేటు. చెడినా ఆ అమ్మాయి పైకి అనదు. అననివాళ్ళ ఇబ్బందే ఎక్కువ బరువు. అందుకని ఒక్క మేకు కొట్టకముందే ఆరు వారాలపాటు ఈ చప్పుడు సంగతే పట్టుకుని కూర్చున్నాను. అందులో నాకు తేలింది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

చప్పుడు పుట్టేది ఒక చోట, పెరిగేది మరొక చోట

ఇంజనును తలక్రిందులుగా అరచేతిలో పట్టుకుని, రెండు తీగెలతో కరెంటు ఇచ్చి చూడండి. సన్నటి గుయ్‌మనే మోత తప్ప ఏమీ వినబడదు. అదే ఇంజనును వట్టి ప్లైవుడ్ మీద బిగించిన పట్టాల మీద నడపండి. పక్క గదిలో వాళ్ళు టీవీ శబ్దం పెంచుకోవలసి వస్తుంది. ఇంజను అదే, మోటారు అదే. మధ్యలో వచ్చి చేరింది బల్ల ఒక్కటే.

వీణ సంగతి మనందరికీ తెలుసు. బొబ్బిలి వీణను పనస కర్రతో చేస్తారు. తంతిని ఊరికే రెండు మేకుల మధ్య బిగించి మీటితే ఆ శబ్దం పక్కవాడికి కూడా వినబడదు. ఆ తంతి అదురు గుర్రం మీదుగా కుండలోకి దిగుతుంది. పలికేది కుండ. మన బల్ల మీద కూడా జరిగేది అదే. చక్రం అదురు పట్టాకు, పట్టా అదురు మేకుకు, మేకు అదురు ప్లైవుడ్‌కు చేరుతుంది. అంత వెడల్పు పలక గాలిని కదిలిస్తే మోత కాక మరేమవుతుంది?

ఇంకా దగ్గరి ఉదాహరణ గోదావరి బ్రిడ్జి. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రైల్లో వెళ్ళినవారికి తెలుసు. బండి ఒడ్డు మీద ఉన్నంతసేపు ఒక చప్పుడు, బ్రిడ్జి ఎక్కగానే ధనధనమని మరొక చప్పుడు. 1900లో మొదలై 1997 దాకా బండ్లు నడిచిన పాత హేవ్‌లాక్ వంతెన అయినా, 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన అయినా ఇనుప గర్డర్లవే. నేల మీద స్లీపర్ల కింద కంకర ఉంటుంది, ఆ కంకర కింద మట్టికట్ట ఉంటుంది. చక్రం అదురును అవి మింగేస్తాయి. ఇనుప వంతెన మీద కంకర లేదు, స్లీపరు నేరుగా గర్డరు మీదే కూర్చుంటుంది. అందుకని గర్డర్లన్నీ కలిసి మోగుతాయి. వట్టి ప్లైవుడ్ మీద పట్టాలు బిగిస్తే మన ఇంట్లో మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా గోదావరి బ్రిడ్జే.

మన ఆఫీసుల్లో టైపు మిషను కింద ఫెల్టు ముక్కో, మడత పెట్టిన పాత కంబళి ముక్కో వేసేవాళ్ళం, గుర్తుందా? అది తీసేస్తే మేజా మొత్తం దడదడలాడేది. ఇప్పుడు ఆ ఫెల్టు వేసి, దాని పైనుంచి మిషనును నాలుగు బోల్టులతో మేజాకు బిగించామనుకోండి. ఫెల్టు ఉండీ లేనట్టే. అదురు బోల్టుల దారిన దిగిపోతుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ఉదాహరణలో ఉంది. మెత్తటి పొర వేయడం సగం పని. ఆ పొరను దాటి గట్టి వస్తువేదీ పట్టాకూ బల్లకూ మధ్య వంతెన కట్టకుండా చూడడం మిగతా సగం.

నాలుగు ముక్కల పరీక్ష

దీన్ని ఊహతో వదలకుండా పరీక్ష చేశాను. మీటరు పొడవున్న ప్లైవుడ్ ముక్కలు నాలుగు కోయించాను. ఈ పట్టాలు గజం పొడవు, అంటే 914 మి.మీ. ముక్కలుగా దొరుకుతాయి. నాలుగింటి మీదా నాలుగు గజాలు పరిచాను. మొదటిదానికి పట్టా నేరుగా మేకులతో బిగించాను. రెండోదానికి కింద కార్కు వేసి, మేకులు కార్కులోంచి ప్లైవుడ్‌లోకి దిగగొట్టాను. మూడోదానికి కార్కు వేసి, మేకులు లేకుండా, ఆరాక కూడా సాగే జిగురుతో అతికించాను. నాలుగోది మూడోదాని లాంటిదే, పైన కంకర పోసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో పట్టించి, ఆ కంకర కార్కు అంచులు దాటి ప్లైవుడ్ దాకా జారేటట్టు చేశాను.

ఒకే ఇంజనును ఒకే వేగంతో నాలుగింటి మీదా నడిపించి, తలుపు మూసి అవతలి గదిలో కూర్చుని విన్నాను. మా శ్రీమతిని కూడా కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినమన్నాను. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఉంది గానీ కార్కు ఖర్చుకు తగినంత లేదు. మూడోది మాత్రం వేరే రైలా అన్నట్టుంది. నాలుగోదానిలో మూడోదాని లాభం చాలావరకు పోయింది. గట్టిపడిన కంకర రెండు పక్కలా గోడలాగా నిలబడి, అదురును మళ్ళీ బల్లకు అందించింది. చెవి మీద నమ్మకం లేనివారు, నాబోటివారు, అరచేయి ఉపయోగించవచ్చు. బండి నడుస్తుండగా బల్ల మీద అరచేయి ఆనించండి. చేతికి జిలజిల తెలిస్తే అదురు దిగుతున్నట్టు, తెలియకపోతే ఆగినట్టు.

పరిచే పద్ధతి

ఇక వరస క్రమంలో చెబుతాను. రాసుకునేవారు రాసుకోవచ్చు.

మొదటిది బల్ల. పలచటి పలక త్వరగా అదురుతుంది, బరువైనది నిదానిస్తుంది. 12 మి.మీ. ప్లైవుడ్‌కు తక్కువ వాడవద్దు. కింద అడుగుకొక అడ్డపట్టీ బిగిస్తే పలక చిన్నచిన్న గళ్ళుగా విడిపోయి డోలు తోలులాగా పలకడం మానేస్తుంది. అడుగున మూత వేసి పెట్టెలాగా చేయకూడదు. మూసిన పెట్టె మృదంగమే. థర్మోకోల్ తేలిక గనక కొందరు దాని మీద పరుస్తారు. తేలికైన వస్తువు అదురును ఆపలేదు. పైగా రబ్బరు సొల్యూషన్ వంటి జిగురు తగిలితే కరిగిపోతుంది.

రెండవది మెత్తటి పలక. మన ఆఫీసు నోటీసు బోర్డుల్లో గుండుసూదులు గుచ్చే సాఫ్ట్ బోర్డు ఉంటుంది చూడండి, అది ఈ పనికి బాగా పనికివస్తుంది. ఇంగ్లండులో సుండీలా అనీ, అమెరికాలో హోమసోట్ అనీ బోర్డులున్నాయి. అక్కడి రైలు ప్రియులు ఎన్నో ఏళ్ళుగా వాటిని వాడుతున్నారు. ఆ రెండూ పాత కాగితాల గుజ్జుతో చేసేవే. ముప్పై ఆరేళ్ళు నేను రాసిన నోట్ ఫైళ్ళు ఎక్కడైనా ఇలా ఒక రైలు కిందికి చేరి నిశ్శబ్దాన్ని ఇస్తుంటే నాకు సంతోషమే. సాఫ్ట్ బోర్డుకు చెమ్మ పడదు, ఒంటరిగా వేస్తే నడుము వంగుతుంది. కాబట్టి ప్లైవుడ్ మీద ఆనించే వేయాలి.

మూడవది కార్కు. 5 మి.మీ. మందం హెచ్.ఓ. కొలతకు సరిపోతుంది. ఎన్ అనే చిన్న కొలతకు 3 మి.మీ. చాలు. మోటారు విడిభాగాల దుకాణాల్లో గ్యాస్కెట్లకు కార్కు షీట్లు అమ్ముతారు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున పట్టీలుగా కోసి, ఒక్కొక్క పట్టీని పొడవునా మధ్యకు రెండుగా చీల్చాలి. వంపుల దగ్గర సగం పట్టీ సులువుగా వంగుతుంది, నిండు పట్టీ లేచిపోతుంది. మెత్తగా ఉంటే మంచిదే కదా అని పరుపు నురుగు వేసేవారున్నారు. బండి బరువుకు పట్టా దిగి లేచి, కీళ్ళు వదులవుతాయి. నొక్కితే కాస్త లొంగి వెంటనే లేచేది కావాలి. వ్యాయామానికి వాడే యోగా చాప నాణ్యమైనదైతే పనికివస్తుంది.

నాలుగవది జిగురు. చెక్కకు చెక్క అతకడానికి ఫెవికాల్‌ను మించింది లేదు. కానీ అది ఆరితే రాయి. మనకు కావలసింది ఆరాక కూడా రబ్బరులాగా ఉండేది. కిటికీ ఫ్రేముల సందుల్లో నింపే అక్రిలిక్ సీలెంట్ ట్యూబు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రకం వద్దు, అది లోహాన్ని తినవచ్చు. పాత ఏటీఎం కార్డుతో పలచగా లాగి, దాని మీద పట్టా పెట్టి, వరస సరిచూసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. నేను పాత సర్వీసు రూల్సు పుస్తకాలు పెట్టాను. అంత బరువైనవి మా ఇంట్లో వేరే లేవు. వంపుల దగ్గర పట్టా కదలకుండా గుండుసూదులు గుచ్చవచ్చు గానీ తెల్లవారాక మరిచిపోకుండా పీకేయాలి. లైను మార్చే పాయింట్ల దగ్గర కదిలే నాలుకల కింద జిగురు పడనివ్వకూడదు.

ఐదవది కీళ్ళు. పట్టా చివరలు ఆకురాయితో నున్నగా చేసి, ఎత్తుపల్లాలు లేకుండా కలపాలి. గోరు అంచుతో రాస్తే తగలకూడదు. అలాగని సందు లేకుండా బిగించనూ కూడదు. మన ఎండలకు గది 20 డిగ్రీలు అదనంగా వేడెక్కితే గజం పట్టా మిల్లీమీటరులో మూడోవంతు దాకా సాగుతుంది. దానికితోడు చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుంటుంది. ఒక చదరపు అట్టముక్క మందం సందు వదిలితే వేసవిలో పట్టా పాములాగా మెలికపడదు.

ఆరవది కంకర. అసలు లైనులో వేసే కంకర రాయి దాదాపు 50 మి.మీ. ఉంటుంది. 87తో భాగిస్తే అర మిల్లీమీటరు, అంటే బొంబాయి రవ్వంత. జల్లించిన సన్న ఇసుక చాలు. దాన్ని కార్కు వెడల్పు లోపలే ఆపండి, బల్ల మీదికి జారనివ్వకండి. జిగురు అవసరమైన చోట మాత్రమే, సాగే రకం, నీళ్ళు కలిపి వేయండి. మరీ నిశ్శబ్దం కావాలంటే కంకర మానేసి కార్కుకే బూడిద రంగు వేయవచ్చు. రెండడుగుల దూరం నుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం.

ఏడవది బల్ల కాళ్ళు. పైన ఆపలేకపోయిన అదురు కాళ్ళ దారిన నేలలోకి, నేల నుంచి కింది ఇంటి కప్పులోకి వెళుతుంది. మన పాలరాతి నేలలు దాన్ని చక్కగా మోస్తాయి. ప్రతి కాలు కిందా మందపాటి రబ్బరు ముక్క పెట్టండి. మిక్సీ కింద మన ఆడవాళ్ళు గుడ్డ మడత వేస్తారు చూడండి, వారికి ఈ శాస్త్రం మనకంటే ముందే తెలుసు. బల్లను గోడకు ఆనించకండి, రెండు వేళ్ళ సందు వదలండి.

అసలు రైల్వే వారు చేసేదీ ఇదే. ఇప్పటి కాంక్రీటు స్లీపరు మీద పట్టా నేరుగా కూర్చోదు, మధ్య రబ్బరు పలక ఉంటుంది. పాతకాలపు మేకుల స్థానంలో స్ప్రింగు క్లిప్పు వచ్చింది. అది పట్టాను నొక్కి పట్టుకుంటుంది గానీ కాస్త లొంగే వీలు ఉంచుతుంది.

నిదానమే సగం నిశ్శబ్దం

పట్టాలు ఎంత బాగా పరిచినా బండిని తరిమితే చప్పుడు తప్పదు. లెక్క వేద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్సును 87 వంతులు తగ్గిస్తే సెకనుకు 32 సెంటీమీటర్లు. అంటే గజం పట్టా దాటడానికి దాదాపు మూడు సెకన్లు పట్టాలి. 50 కిలోమీటర్ల పాసింజరుకు ఆరు సెకన్లు. చాలామంది ఒక్క సెకనులో దాటిస్తారు. ఆ లెక్కన అసలు బండి గంటకు 280 కిలోమీటర్లు దాటి పోతున్నట్టు! గడియారం పెట్టి నడపండి. రైలు రైలులాగా కనిపిస్తుంది, చప్పుడూ సగం తగ్గుతుంది. చక్రాల మీద పేరుకున్న మురికిని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. పళ్ళచక్రాలకు సూది మొనతో ఒక్క చుక్క నూనె చాలు, ఎక్కువైతే పట్టాలకు అంటుతుంది.

ఇంత చెప్పాక ఒకరు నన్ను అడిగారు, "చప్పుడే లేకపోతే అది రైలెలా అవుతుందండీ?" అని. మంచి ప్రశ్న. మనం తీసేసేది బల్ల మోత, రైలు మాట కాదు. పాత లైన్లలో 13 మీటర్ల పట్టాలు ఒకదాని పక్కన ఒకటి ఫిష్ ప్లేట్లతో కలిపేవారు. ఆ కీళ్ళ మీద చక్రం పడితే టకటక, టకటక. ఆ తాళానికే మనం పై బెర్తుల మీద నిద్రపోయేవాళ్ళం. ఇప్పుడు పట్టాలు వెల్డింగు చేసి పొడవుగా వేస్తున్నారు గనక చాలా లైన్లలో ఆ తాళం పోయింది. 13 మీటర్లు మన కొలతలో 15 సెంటీమీటర్లు. కావాలనుకునేవారు పట్టా తల మీద ప్రతి 15 సెంటీమీటర్లకు సన్నటి రంపంతో వెంట్రుకవాసి గాటు పెడతారు. బల్ల బోరుమంటుంటే ఈ సన్నటి టకటక వినబడదు. బల్ల నోరు మూస్తేనే వినబడుతుంది. నా బల్ల మీద కిటికీ వైపున్న ఒక్క గజంలో మాత్రం అలా పెట్టాను. ఆ ఒక్క గజం నా వాటా.

మా మిత్రుని సంగతి కూడా చెప్పాలి. గట్టిపడిన కంకరను చూసి మీరు నిరుత్సాహపడనవసరం లేదు. ఫెవికాల్ కంకర మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించి గంటసేపు ఆగితే మెత్తబడుతుంది. మేకులు పీకి, పలచటి చాకును పట్టా కింద జరుపుతూ పోతే విరగకుండా లేచివస్తుంది. మేమిద్దరం కలిసి రెండు వారాలు కూర్చుని వారి పట్టాలు లేపి, కార్కు వేసి మళ్ళీ పరిచాం. వారు పైన బండి నడుపుతుండగా, కింది వారి అనుమతితో నేను వారి ఇంట్లో కూర్చుని విన్నాను. చెవి ఒగ్గితే సన్నగా తెలుస్తుంది, ఇద్దరు మాట్లాడుకుంటుంటే తెలియదు. పూర్తి నిశ్శబ్దం అని నేను అనను. ఆ పెద్దావిడ పడుకునే వేళలు తెలుసుకుని, ఆ వేళలో మా మిత్రులు బండిని షెడ్డులోనే ఉంచుతారు. మిగతా వేళల్లో నడుపుతారు. మా ఇంట్లో నేను ఉదయం తొమ్మిదికి పాసింజరు వదులుతాను. కోడలు నిద్ర లేచాక, "ఇవాళ బండి నడపలేదా మామయ్యగారూ?" అని అడుగుతుంటుంది. నాకు అంతకంటే మంచి రిమార్కు సర్వీసులో ఎన్నడూ రాలేదు.

సోదరులారా, సర్వీసులో ఉన్నప్పుడు మన చోటు మనకు ఉత్తర్వు ద్వారా వచ్చేది. కుర్చీ, మేజా, హాజరుపట్టీలో పేరు. రిటైరయ్యాక పిల్లల ఇళ్ళల్లో మన చోటును మనమే చూసుకోవాలి. మన సరదాను మానుకోనక్కరలేదు, వారి మీద రుద్దనూ అక్కరలేదు. మధ్యలో ఒక మెత్తటి పొర వేసుకుంటే చాలు. రైలుకే కాదు, హార్మోనియం నేర్చుకునేవారికీ, వడ్రంగం పనిముట్లు కొనుక్కున్నవారికీ, తెల్లవారుజామున విష్ణు సహస్రనామం టేపు పెట్టుకునేవారికీ ఈ మాట వర్తిస్తుంది.

ఆ నాలుగు పరీక్ష ముక్కలూ ఒక ఇంజనూ సంచిలో తెచ్చాను. సభ ముగిశాక, కాఫీ వేళ, వెనుక బల్ల మీద పెడతాను. ఎవరైనా వచ్చి నడిపి, అరచేయి ఆనించి చూసుకోవచ్చు. కార్కు కొనదలచినవారు పేర్లు ఇస్తే అందరికీ కలిపి ఒకేసారి తెప్పిద్దాం, ధర తగ్గుతుంది.